బెంచీ దొరికింది... కుర్చీ ఎప్పుడు?

కాలేజీ గేటు అందరికీ తెరుచుకుంది. లోపల విద్యార్థి సంఘాల పెద్దరికం మాత్రం ఇంకా కొందరి చేతుల్లోనే ఉంది. ఒకచోట జాతి అడ్డం, ఇంకోచోట కులం అడ్డం. కేంబ్రిడ్జిలో, అలబామాలో, వేలూరులో ఈ అడ్డుగోడలు ఎలా కూలాయో, ఎక్కడ కూలలేదో చెప్పే కథనం ఇది.

కాట్పాడి నుంచి గుడియాత్తం వెళ్లే దారిలో వస్తుంది కే.వి.కుప్పం. పొద్దున కాలేజీ వేళకు ఆ దారిలో నడిచే బస్సుల్లో కాలు పెట్టడానికి చోటుండదు. భుజాన సంచులు, మెడలో గుర్తింపు కార్డులు వేసుకుని కొందరు తూర్పున వేలూరుకు, కొందరు పడమట గుడియాత్తానికి వెళ్తారు. స్నేహితులతో తమిళం మాట్లాడే పిల్ల, ఇంటి నుంచి ఫోను వస్తే తెలుగులోకి మారిపోతుంది. చిత్తూరు జిల్లా సరిహద్దు ఇక్కడికి ఎంతో దూరం లేదు. మన పెద్దవాళ్లు రాయవేలూరు అని పిలుచుకునే ఊరు ఈ వేలూరే కదా!

ఈ బస్సుల్లో వెళ్లే పిల్లల్లో చాలామంది తమ ఇంట్లో కాలేజీ మొహం చూసిన మొదటి తరం. లుంగీలు నేసే ఇళ్లు, అగ్గిపెట్టెల పనికి, బీడీల పనికి పోయే ఇళ్లు, కూలి చేసుకునే ఇళ్లు. 2021 నుంచి తమిళనాడు టౌన్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. ప్రభుత్వ బడుల్లో చదివి కాలేజీలో చేరిన ఆడపిల్లలకు 2022 నుంచి ‘పుదుమై పెణ్’ పథకం కింద నెలకు వెయ్యి రూపాయలు వస్తోంది. గుడియాత్తంలో ప్రభుత్వ తిరుమగళ్ మిల్స్ కళాశాల 1964 నుంచి ఉంది. ఎస్సీలకు 18 శాతం సీట్లున్నాయి. ఆ 18లో 3 శాతాన్ని 2009 చట్టం అరుంధతియర్లకు విడిగా కేటాయించింది. ఆ చట్టం లెక్కలోకి వచ్చే ఏడు కులాల్లో మాదిగ, ఆది ఆంధ్ర పేర్లు కూడా ఉన్నాయి. అంటే ఇంట్లో తెలుగు మాట్లాడే దళిత కుటుంబాల పిల్లలకు చట్టం రాసిపెట్టిన చోటు అది.

గేటు దాటించడానికి ప్రభుత్వాలు ఇంత చేశాయి. గేటు దాటాక సంగతేమిటి? కాలేజీలో స్టూడెంట్ చైర్మన్ ఎవరు? డిపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ ఎవరు? కాలేజీ డే నాడు మైకు ఎవరి చేతిలో ఉంటుంది? ప్రిన్సిపల్ గదిలోకి విద్యార్థుల తరఫున వెళ్లి మాట్లాడేది ఎవరు? అమెరికాలో ఈ ప్రశ్నను కాలేజీల్లోని సోదర సంఘాల నాయకత్వంలో ఏ జాతివారు ఎందరని అడుగుతారు. మన దగ్గర అడిగేవాళ్లే తక్కువ. అడగాల్సిన అవసరం మాత్రం ఇక్కడే ఎక్కువ.

కట్టమంచి కుర్రాడి గెలుపు

విద్యార్థి సంఘం కుర్చీ కోసం జాతి గోడను దాటిన తొలి తెలుగువాడి కథ వెతికితే, అది ఈ ప్రాంతానికే తీసుకొస్తుంది. కట్టమంచి రామలింగారెడ్డి 1880లో చిత్తూరు పక్కనున్న కట్టమంచిలో పుట్టాడు. చిత్తూరు అప్పట్లో ఉత్తర ఆర్కాటు జిల్లా కేంద్రం. వేలూరు, గుడియాత్తం, ఈ కే.వి.కుప్పం పల్లెలు అన్నీ ఆ జిల్లాలోవే. 1911 ఏప్రిల్ 1న గాని చిత్తూరు జిల్లా వేరుపడలేదు. కాబట్టి ఆయన కే.వి.కుప్పం వాళ్ల జిల్లావాడే.

మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, ప్రభుత్వ స్కాలర్‌షిప్పు మీద 1902లో కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కాలేజీకి వెళ్లాడు. అక్కడ 1815లో మొదలైన కేంబ్రిడ్జి యూనియన్ ఉంది. పేరుకు అది చర్చా వేదికే. కానీ రేపటి మంత్రులు, న్యాయమూర్తులు, గవర్నర్లు నోరు తిప్పడం నేర్చుకునే చోటు అదే. అక్కడ గెలిచినవాడి పేరు లండన్ దాకా వినపడేది. 1905లో ఆ యూనియన్‌కు రామలింగారెడ్డి వైస్ ప్రెసిడెంట్‌గా ఎన్నికయ్యాడు. ఆ పదవి దక్కిన మొదటి భారతీయుడు ఆయనే. తరువాతి కాలంలో ప్రపంచ ఆర్థిక శాస్త్రాన్నే మలుపు తిప్పిన జాన్ మేనార్డ్ కీన్స్ ఆ ఏడాదే ఆ యూనియన్‌కు ప్రెసిడెంటుగా ఉన్నాడు.

అది కర్జన్ బెంగాల్‌ను రెండుగా చీల్చిన సంవత్సరం. ఇక్కడ ఒక జిల్లా కలెక్టరు ముందు భారతీయుడు కుర్చీలో కూర్చోవాలంటే అనుమతి కావాలి. అక్కడ పాలకుల పిల్లలే ఓట్లు వేసి పాలిత దేశపు కుర్రాడిని తమ సంఘం కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ రోజుల్లో అది ఎంత పెద్ద వార్తో ఇప్పుడు ఊహించడం కష్టం. ఆయన మాటకారితనం, చరిత్ర మీద పట్టు, ఎదుటివాడి వాదాన్ని వాడి మాటలతోనే పడగొట్టే నేర్పు ఆ ఓట్లు తెచ్చాయి. తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి వైస్ చాన్సలర్‌గా మనం చూసిన కట్టమంచి అక్కడే తయారయ్యాడు.

అయితే ఒకటి గమనించాలి. ఆయన ప్రెసిడెంటు కాలేదు. మన దక్షిణాది కుటుంబానికే చెందిన మోహన్ కుమారమంగళం ఆ యూనియన్‌కు ప్రెసిడెంటైంది 1938లో. ఈ రెండు గెలుపులకూ నడుమ 33 ఏళ్లు గడిచాయి. ఇక ఆడపిల్లల విషయం మరీ అన్యాయం. 1963 దాకా ఆ యూనియన్‌లో వాళ్లకు సభ్యత్వమే లేదు. తొలి మహిళా ప్రెసిడెంటుగా ఆన్ మల్లాలియు వచ్చింది 1967లో.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. రామలింగారెడ్డిది ఆస్తీ, చదువూ ఉన్న కుటుంబం. ఆయన కేంబ్రిడ్జిలో జాతి గోడ దాటుతున్న రోజుల్లో అదే కట్టమంచి చుట్టుపక్కల దళితవాడల పిల్లలకు ఊరి బడిలో అందరితో కలిసి కూర్చునే వీలే లేదు. ఒక గోడ దాటినవాడి వెనుక ఇంకో గోడ అలాగే నిలబడి ఉంది. ఆయన గొప్పతనాన్ని తగ్గించడానికి ఈ మాట అనడం లేదు. మహా ప్రతిభావంతుడు ఒకడు దూసుకుపోవడం వేరు, మామూలు పిల్లలకు దారి పడటం వేరు. మనకు కావలసింది రెండోది.

వేలూరుకు వచ్చిన విశాఖ డాక్టరమ్మ

ఇప్పుడు వేలూరు చూద్దాం. ఆర్కాటు మిషన్‌ను 1853లో అమెరికన్ స్కడ్డర్ సోదరులు మొదలుపెట్టారు. తమిళంతో పాటు మదనపల్లె వైపు తెలుగు పల్లెల్లోనూ ఆ మిషన్ పనిచేసింది. వాళ్ల వంశంలో రాణిపేటలో పుట్టిన ఐడా స్కడ్డర్ 1899లో అమెరికాలోని కార్నెల్ మెడికల్ కాలేజీలో డిగ్రీ తీసుకుని వచ్చి 1900లో ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టింది. 1918లో ఆడపిల్లల కోసం వైద్య పాఠశాల పెట్టింది. అదే ఇవాళ్టి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ, సీఎంసీ. తెలుగు జిల్లాల నుంచి ప్రాణం మీదికి వచ్చినప్పుడు రైలెక్కి వెళ్లే ఆసుపత్రి.

అక్కడ చదివే పిల్లలు భారతీయులు. నర్సులు భారతీయులు. వైద్యం చేయించుకునేవాళ్లు భారతీయులు. సంస్థ పగ్గాలు మాత్రం చాలా ఏళ్లు తెల్లవారి చేతుల్లోనే ఉన్నాయి. వాళ్ల సేవకు వంక పెట్టలేం. ఐడా స్కడ్డర్ తన జీవితమంతా ఈ నేలకే ఇచ్చింది. అయినా సేవ చేసేవాడే నిర్ణయాలూ చేస్తూ పోతే, సేవ పొందేవాడు ఎన్నటికీ ఎదగడు.

ఆ వరస మార్చినది ఒక తెలుగు స్త్రీ. హిల్డా మేరీ లాజరస్ 1890లో విశాఖపట్నంలో పుట్టింది. తండ్రి డేనియల్ లాజరస్ పేరున్న ఉపాధ్యాయుడు. మద్రాసులో వైద్యం చదివి, విదేశాల్లో పై చదువు పూర్తి చేసి, 1917లో విమెన్స్ మెడికల్ సర్వీసులో చేరింది. ఆ సర్వీసులోకి తీసుకున్న మొదటి భారతీయ మహిళ ఆమే. ఢిల్లీలోని లేడీ హార్డింజ్ కాలేజీకి తొలి భారతీయ ప్రిన్సిపల్ కూడా ఆమే. స్వాతంత్ర్యం వచ్చాక వేలూరుకు వచ్చి సీఎంసీకి తొలి భారతీయ డైరెక్టర్‌గా 1948 నుంచి 1954 దాకా నడిపించింది.

అది తేలిక సమయం కాదు. 1942లోనే ఆ పాఠశాల ఎంబీబీఎస్ కాలేజీగా మారే దారి పట్టింది. 1947లో మగపిల్లలను చేర్చుకోవడం మొదలైంది. ఆడవాళ్ల కోసం ఆడవాళ్లు కట్టుకున్న సంస్థ అందరి సంస్థగా మారుతున్న రోజులవి. దేశం కొత్తది, నిబంధనలు కొత్తవి. అలాంటప్పుడు ఆ కుర్చీలో ఒక తెలుగు డాక్టరమ్మ కూర్చుంది. 1961లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. 1978లో కన్నుమూసింది. మన పాఠ్యపుస్తకాల్లో ఆమె పేరు కనిపించకపోవడం నాకు బాధగా ఉంటుంది. విశాఖలో పిల్లలను అడిగితే ఎందరికి తెలుసు?

ఆమె చేరిన సర్వీసు, నడిపిన కాలేజీలు చూడండి. ప్రతిచోటా తొలి భారతీయురాలు. ఒకే మనిషి అన్ని తొలిమెట్లూ ఎక్కవలసి వచ్చిందంటే, మిగతావాళ్లకు ఆ మెట్లు ఎంత ఎత్తున పెట్టారో అర్థమవుతుంది. సీఎంసీ ఆ తరువాత చాలా దూరం నడిచింది. 1977 నుంచి కే.వి.కుప్పం బ్లాకులోనే ‘రుహ్సా’ పేరుతో గ్రామీణ ఆరోగ్య, సామాజిక విభాగాన్ని నడుపుతోంది. కుప్పం పల్లెల్లో ఆ పేరు తెలియని ఇల్లు ఉండదు.

గ్రీకు అక్షరాల ఇళ్లు

ఐడా స్కడ్డర్ చదివిన కార్నెల్‌కే ఇంకో చరిత్ర ఉంది. ఆమె పట్టా తీసుకున్న ఏడేళ్లకు, 1906 డిసెంబరు 4న, అదే విశ్వవిద్యాలయం ఇథాకా ప్రాంగణంలో ఏడుగురు నల్లజాతి విద్యార్థులు కలిసి ‘ఆల్ఫా ఫై ఆల్ఫా’ అనే సోదర సంఘం పెట్టుకున్నారు. కాలేజీలో నల్లజాతి విద్యార్థుల కోసం ఏర్పడి నిలిచిన తొలి సోదర సంఘం అదే. ఎందుకు పెట్టుకున్నారంటే తెల్లవాళ్ల సంఘాలు వాళ్లను గడప తొక్కనివ్వలేదు గనక.

మన పాఠకులకు ఈ సోదర సంఘాల సంగతి కొంచెం చెప్పాలి. గ్రీకు అక్షరాల పేర్లతో ఉండే ఈ సంఘాలకు సొంత ఇళ్లుంటాయి. అందులోనే ఉంటారు, తింటారు. చేరాలంటే దరఖాస్తు చాలదు, ఉన్న సభ్యులు ఒప్పుకోవాలి. చదువు ముగిసినా సభ్యత్వం పోదు. ఉద్యోగం, వ్యాపారం, రాజకీయం ఏది కావాలన్నా పాత సభ్యులు చెయ్యి అందిస్తారు. అమెరికా సెనేట్‌లో, పెద్ద కంపెనీల బోర్డుల్లో ఈ ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు ఎప్పుడూ కనిపిస్తారు. కాలేజీలో ఒక సంఘానికి నాయకుడు కావడమంటే నలభై ఏళ్లకు సరిపడా పరిచయాలు చేతికి రావడమే.

ఆ సంఘాల్లో చాలావాటి నియమావళుల్లో తెల్లవారికి మాత్రమే అన్న నిబంధన రాసి ఉండేది. 1948లో మాసాచుసెట్స్‌లోని ఆమ్‌హర్స్ట్ కాలేజీలో ఫై కప్పా సై శాఖ థామస్ గిబ్స్ అనే నల్లజాతి విద్యార్థిని చేర్చుకుంది. జాతీయ నాయకత్వం ఆ శాఖనే పక్కన పెట్టింది. ఆ కుర్రాళ్లు వెనక్కి తగ్గలేదు, వేరే పేరుతో సంఘం నడుపుకున్నారు. చేర్చుకోవాలనుకున్నది కుర్రాళ్లు. అడ్డుపడ్డది పెద్దలు. ఈ మాట గుర్తుంచుకోండి, మన ఊళ్లోనూ ఇదే జరుగుతుంది.

క్రమంగా నిబంధనలు చెరిపేశారు. మనసులు మారాయా? అలబామా విశ్వవిద్యాలయం చెబుతుంది. 1963లో ఇద్దరు నల్లజాతి విద్యార్థులు చేరడానికి వస్తే గవర్నర్ జార్జ్ వాలెస్ స్వయంగా గుమ్మంలో నిలబడి అడ్డుకోబోయాడు. కేంద్ర బలగాలు వచ్చాయి, వాళ్లు చేరారు. 1976లో క్లియో థామస్ విద్యార్థి ప్రభుత్వానికి ప్రెసిడెంటుగా గెలిచాడు. తెల్లవారి సోదర సంఘాల రహస్య కూటమి ‘మెషీన్’ను ఢీకొట్టి గెలిచిన తొలి నల్లజాతి విద్యార్థి. ఇక దారి పడిందని అందరూ అనుకున్నారు. ఆ తరువాత ఇంకో నల్లజాతి విద్యార్థి, ఎలియట్ స్పిల్లర్స్, ఆ కుర్చీలో కూర్చోవడానికి 2015 దాకా పట్టింది. అంటే 39 ఏళ్లు! మధ్యలో 2013 సెప్టెంబరులో అక్కడి విద్యార్థి పత్రిక ‘క్రిమ్సన్ వైట్’ ఒక నిజం బయటపెట్టింది. మంచి మార్కులున్న ఒక నల్లజాతి అమ్మాయిని సోదరీ సంఘంలోకి తీసుకోవాలని సభ్యురాళ్లకు ఉన్నా, పాత సభ్యురాళ్లు అడ్డుపడ్డారని రాసింది. అక్షరాల్లో నిబంధన లేదు. ఆచారంలో ఉంది.

అందుకే నేను తొలి వ్యక్తిని చూసి సంబరపడి ఊరుకోలేను. కట్టమంచి తరువాత 33 ఏళ్లు, క్లియో థామస్ తరువాత 39 ఏళ్లు. మొదటివాడు రావడం వార్త. రెండోవాడు ఎప్పుడు వచ్చాడన్నదే లెక్క.

వెలివేసినవాళ్లు సొంత ఇల్లు కట్టుకున్నప్పుడు మాత్రం దాని ఫలం కళ్ల ముందే కనిపించింది. ఆల్ఫా ఫై ఆల్ఫాలో డబ్ల్యూ.ఈ.బీ. డుబోయిస్, మార్టిన్ లూథర్ కింగ్ సభ్యులు. 1946లో అంబేడ్కర్ అంటరానివాళ్ల స్థితికి, నల్లజాతివాళ్ల స్థితికి చాలా పోలిక ఉందంటూ ఉత్తరం రాసింది ఈ డుబోయిస్‌కే. 1908లో హోవర్డ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన సోదరీ సంఘం ఆల్ఫా కప్పా ఆల్ఫాలో, మద్రాసులో పుట్టిన శ్యామలా గోపాలన్ కూతురు కమలా హ్యారిస్ సభ్యురాలు. ఆమె తొలిసారి ఓట్లడిగింది హోవర్డ్ విద్యార్థి సంఘంలో.

ఇక మనవాళ్లు. న్యూయార్క్ రాష్ట్రంలోని బింగమ్‌టన్‌లో 1994లో, టెక్సస్‌లోని ఆస్టిన్, హ్యూస్టన్ విశ్వవిద్యాలయాల్లో 1998లో దక్షిణాసియా విద్యార్థులు సొంత సంఘాలు పెట్టుకున్నారు. తెలుగువాళ్ల పిల్లలకూ అక్కడ చోటుంది. తెల్లవారి సంఘాల్లో పరాయితనం భరించలేక పెట్టుకున్న ఇళ్లు ఇవి. సంతోషమే. కానీ ఆ పిల్లల అమ్మానాన్నల సంఘాలు చూడండి. 1977లో తానాతో మొదలైన జాతీయ స్థాయి తెలుగు సంఘాలు ఇవాళ ఎన్నయ్యాయో, ఏ సంఘం ఎవరి చేతిలో ఉందంటారో తెలుగు పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు. జాతి వివక్ష మీద నోరు విప్పే మనం, కులం మాట వచ్చేసరికి గొంతు తగ్గిస్తాం. అమెరికాలో బ్రాండైస్ విశ్వవిద్యాలయం 2019లో, కాలిఫోర్నియా స్టేట్ విశ్వవిద్యాలయం 2022లో, సియాటిల్ నగరం 2023లో కుల వివక్షను నిషేధించవలసి వచ్చాయంటే, మనం అక్కడికి ఏం మోసుకుపోయామో ఆలోచించుకోవాలి.

సాయంత్రం నాలుగు తర్వాత

మళ్లీ కే.వి.కుప్పం బస్సుకు వద్దాం. ఇక్కడ ఏ కాలేజీ రూల్స్‌లోనూ ఫలానా కులం పిల్లలు నాయకులు కాకూడదని రాసి ఉండదు. అలా రాయాల్సిన అవసరమే లేదు. పద్ధతులే ఆ పని చేసిపెడతాయి.

మొదటి పద్ధతి నామినేషన్. సుప్రీంకోర్టు చెప్పగా వేసిన లింగ్డో కమిటీ 2006లో విద్యార్థి ఎన్నికలకు నియమాలు ఇచ్చింది. ఎన్నికల ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదంది, హాజరు 75 శాతం ఉండాలంది, వయసు పరిమితులు పెట్టింది. దేశంలో చాలా కాలేజీలు ఎన్నికలనే పక్కనపెట్టి, లెక్చరర్లు ఎంచిన పిల్లలతో కౌన్సిల్ నడుపుతున్నాయి. ఉభయ తెలుగు రాష్ట్రాల్లో కాలేజీ ఎన్నికలు ఆగిపోయి దశాబ్దాలు దాటాయి. ఎంపిక చేసే లెక్చరర్ చెడ్డవాడు కానక్కర్లేదు. ముఖ్య అతిథి ముందు తడబడకుండా ఇంగ్లీషు మాట్లాడే పిల్లను వెతుకుతాడు. ఆ పిల్ల ఎవరింటి పిల్ల అవుతుందో వేరే చెప్పాలా?

రెండోది గడియారం. కౌన్సిల్ మీటింగులు, ఫెస్ట్ రిహార్సళ్లు, స్పాన్సర్ల కోసం తిరగడం అన్నీ క్లాసులు ముగిశాకే. హాస్టల్ పిల్లలు ఉంటారు, సొంత బండి ఉన్నవాళ్లు ఉంటారు. కే.వి.కుప్పం దాటి లోపలి పల్లెకు వెళ్లాల్సిన పిల్లకు బస్సు పోతే ఇంటి దాకా నడకే. ఇంటికి చేరాక బీడీల చాట ఎదురుచూస్తుంటుంది. నాయకత్వ లక్షణాలు లేవని ఆమె గురించి ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆమెకు లేనిది సాయంత్రం ఖాళీ.

మూడోది చేతి ఖర్చు. ఫెస్ట్‌కు కోటు, పట్టుచీర, అతిథికి శాలువా, తోటివాళ్లకు టీలు. చిన్న మొత్తాలే. నెలకు వెయ్యి రూపాయల పథకం డబ్బుతో చదివే ఇంటికి అవి చిన్నవి కావు.

నాలుగోది చేతికి కట్టుకునే తాడు. 2023 ఆగస్టులో నాంగునేరిలో దళిత విద్యార్థి మీద తోటి విద్యార్థులే కత్తులతో దాడి చేశాక, తమిళనాడు ప్రభుత్వం జస్టిస్ కె. చంద్రుతో కమిటీ వేసింది. 2024 జూన్‌లో ఆయన నివేదిక ఇచ్చారు. కులం తెలిపే రంగు తాళ్లు నిషేధించాలన్నారు. బడుల పేర్లలో కులం మాటలు తీసేయాలన్నారు. అన్ని వర్గాల పిల్లలతో సామాజిక న్యాయ విద్యార్థి దళం ఏర్పాటు చేయాలన్నారు. విద్యార్థుల్లోకి కులం తేవొద్దు అని నీతులు చెప్పేవాళ్లు ఆ నివేదిక చదవాలి. కులం ఎప్పుడో వచ్చి పిల్లల మణికట్టు మీద కూర్చుంది.

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 1993లో అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ పుట్టడానికి కారణం కూడా కార్నెల్ కుర్రాళ్ల కారణమే. ఉన్న సంఘాల్లో తమ గొంతుకు చోటు లేక సొంతంగా పెట్టుకున్నారు. ఆ సంఘంలో పనిచేసిన రోహిత్ వేముల, మరో నలుగురితో పాటు హాస్టల్ నుంచి బయటికి పంపబడి, 2016 జనవరి 17న ప్రాణం తీసుకున్నాడు. ఒక పేదింటి పిల్లవాడు విద్యార్థి నాయకుడైతే ఎంత మూల్యం చెల్లించాల్సి వస్తుందో ఈ దేశం చూసింది. చూసి కూడా మారకపోతే తప్పు మనదే.

పంచాయతీకి ఉన్న రూలు

విచిత్రం ఏమిటంటే, కే.వి.కుప్పంలో కాలేజీ గోడ బయట ఈ సమస్యకు మందు ఎప్పుడో రాసిపెట్టి ఉంది. కే.వి.కుప్పం శాసనసభ నియోజకవర్గం ఎస్సీలకు రిజర్వయినది. 2008 పునర్విభజనతో ఏర్పడి 2011లో తొలి ఎన్నిక చూసింది. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చాక పంచాయతీ సభ్యత్వాలే కాదు, అధ్యక్ష పదవులు కూడా ఎస్సీ, ఎస్టీలకు జనాభా లెక్కన, ఆడవాళ్లకు మూడోవంతుకు తగ్గకుండా కేటాయిస్తున్నారు. తమిళనాడు ఆడవాళ్ల వాటాను తరువాత సగానికి పెంచింది. సభ్యత్వానికి, కుర్చీకి మధ్య ఉన్న తేడాను రాజ్యాంగం గుర్తించింది. కుర్చీకి విడిగా రూలు రాసింది.

ఆ రూలు తేలిగ్గా అమలు కాలేదు. మదురై జిల్లాలో పాప్పాపట్టి, కీరిపట్టి, నాట్టార్‌మంగళం పంచాయతీల్లో దళితుడు అధ్యక్షుడు కావడం ఇష్టం లేక 1996 నుంచి పదేళ్లు ఎన్నికలే సాగనివ్వలేదు. మేలవళవులో 1997లో దళిత పంచాయతీ అధ్యక్షుడు మురుగేశన్‌ను, ఆయన వెంట ఉన్నవాళ్లను చంపేశారు. అంత రక్తం చిందినా రూలు వెనక్కి పోలేదు. 2006లో ఆ మూడు పంచాయతీల్లోనూ ఎన్నికలు జరిగాయి. రూలు లేకుండా మంచి మనసుల కోసం ఎదురుచూసి ఉంటే ఇప్పటికీ జరిగేవి కావు.

గుడియాత్తానికి ఇంకో గొప్ప జ్ఞాపకం ఉంది. 1954లో ముఖ్యమంత్రి అయిన కామరాజ్ శాసనసభకు ఉప ఎన్నికలో గెలిచింది ఇక్కడి నుంచే. ఆయన తన మంత్రివర్గంలో దళిత నాయకుడు పరమేశ్వరన్‌కు దేవాదాయ శాఖ ఇచ్చారు. ఏ గుళ్లలోకి ఆ కులం వాళ్లను రానివ్వలేదో, ఆ గుళ్ల ధర్మకర్తలు ఆయన సంతకం కోసం నిలబడాల్సి వచ్చింది. చేర్చుకోవడం, కుర్చీలో కూర్చోబెట్టడం ఎంత వేరో కామరాజ్‌కు తెలుసు. గుడియాత్తం ఓటర్లు పంపిన మనిషి చేసిన పని అది.

మరి అదే పని వేలూరు, గుడియాత్తం కాలేజీల్లో ఎందుకు చేయకూడదు? స్టూడెంట్ చైర్మన్, సెక్రటరీ పదవులను ఏడాదికో వర్గానికి వంతులవారీగా కేటాయించండి. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు, వెనుకబడిన కులాల పిల్లలకు, ఆడపిల్లలకు. ఎస్సీల వంతులో అరుంధతియర్ పిల్లలకు కూడా చోటుండేలా చూడండి. అభ్యర్థి ఏ వర్గం నుంచి రావాలో రూలు చెబుతుంది. వాళ్లలో ఎవరో పిల్లలందరూ రహస్య ఓటుతో తేలుస్తారు. మీటింగులు పగటిపూట, క్లాసుల మధ్యే పెట్టండి. పదవిలో ఉన్న పిల్లలకు కాలేజీ నిధి నుంచి చేతి ఖర్చు ఇవ్వండి. వేదిక మీద తమిళంలో, తెలుగులో, ఉర్దూలో మాట్లాడినా చిన్నచూపు చూడకండి. వేలూరులోని పెద్ద విశ్వవిద్యాలయాల్లో చదివే తెలుగు పిల్లలు తమ భాషా సంఘాల్లో కూడా ఈ పద్ధతి పెట్టుకోవచ్చు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ప్రతిభ సంగతేమిటని కొందరు అడుగుతారు. రామలింగారెడ్డికి కేంబ్రిడ్జి యూనియన్‌లో అవకాశం రాకముందు, ఆ కుర్చీకి తగిన ప్రతిభ భారతీయుల్లో లేదనే అక్కడ చాలామంది అనుకుని ఉంటారు. హిల్డా లాజరస్ రాకముందు పెద్ద వైద్య సంస్థను నడపడం తెల్లవాళ్లకే చేతనవుతుందని అనుకున్నారు. ఇద్దరూ ఆ నమ్మకాన్ని మాటలతో కాదు, పనితో కొట్టేశారు. పని చూపించాలంటే ముందు కుర్చీ దొరకాలి.

ప్రిన్సిపల్ అయ్యలకు, అమ్మలకు నా విన్నపం ఒక్కటే. జూన్‌లో కాలేజీ తెరిచాక కౌన్సిల్ జాబితా మీ బల్ల మీదికి వస్తుంది. సంతకం చేసేముందు గత పదేళ్ల జాబితాలు తెప్పించి పక్కన పెట్టుకోండి. కే.వి.కుప్పం బస్సులో వచ్చే పిల్లల పేర్లు వాటిలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. లేకపోతే ఈ ఏడాదే రూలు మార్చండి. ఆ బస్సులో వచ్చే పిల్లలారా, నామినేషన్ కాగితం ఇచ్చే రోజు నోటీసు బోర్డు చూసుకుని మీ పేరు రాసి ఇవ్వండి.